ఇరవైనాలుగు గంటల మనిషి

ఎనిమిది గంటల పనిదినం గురించి ఏటా మే నెల ఒకటో తేదీన మనం మాట్లాడుకుంటాం. 1886లో షికాగో కార్మికులు ఏం కోరి వీధిలోకి వచ్చారో ముప్పై ఏళ్ళపాటు కాలేజీలో అర్థశాస్త్రం చెబుతూ నేనూ చెప్పాను, పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. అయితే పనిదినం అన్న మాటే వర్తించని ఉద్యోగం ఒకటి ఈమధ్య మన మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చి చేరింది. మంచానపడ్డ ముసలివాళ్ళనూ, పక్షవాతం వచ్చినవాళ్ళనూ, మతి తప్పినవాళ్ళనూ వాళ్ళ ఇంట్లోనే ఉండి రేయింబవళ్ళు కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం. మా విజయవాడలో ఏజెన్సీవాళ్ళు ఆ మనిషిని కేర్‌టేకర్ అంటారు, ఇరుగుపొరుగువాళ్ళు ఆయా అంటారు. పనికి మాత్రం అందరూ ఒకటే పేరు పెట్టారు: "ఇరవైనాలుగు గంటల డ్యూటీ". ఈ మాటను ఎవరూ సిగ్గుపడకుండా పలుకుతారు. రసీదుల మీద కూడా అచ్చువేస్తారు.

మా అమ్మకు ఎనభైరెండో యేట, 2023 డిసెంబరులో, పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. కొన్నాళ్ళకు మాట కొంత తిరిగింది గాని కాలూ చెయ్యీ రాలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మూడు సంగతులు చెప్పాడు. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. మింగటం సరిగా రాదు గనక ఎత్తి కూచోబెట్టి, ఏదైనా సరే చిక్కగా చేసి, కొద్దికొద్దిగా పెట్టాలి. ఏ వేళకు ఏం జరిగిందో నోటుబుక్కులో రాసి ఉంచాలి. రెండు గంటలకొకసారి అన్నప్పుడు ఆయన పగలూ రాత్రీ అని విడదీసి చెప్పలేదు. వీపు చర్మానికి ఆ తేడా తెలియదు మరి.

పక్క మార్చటం అంటే ఏమిటో చూడనివాళ్ళ కోసం చెబుతాను. నడుం కింద దుప్పటి మడత పరిచి ఉంచాలి. అవతలి మోకాలు మడిచి, భుజమూ తుంటీ ఒకేసారి తనవైపు తిప్పుకోవాలి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ నడుమ ఒకటి, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద ఇంకొకటి పెట్టాలి. పడిపోయిన చెయ్యి ఒంటి కింద నలగకుండా చూడాలి. తెలిసినవాళ్ళకు ఇది మూడు నిమిషాల పని. తెలియనివాళ్ళు చేస్తే పావుగంట పడుతుంది, చర్మం కూడా ఒరుసుకుపోతుంది. అమ్మ బరువు యాభైయెనిమిది కిలోలు. నాకు అరవైమూడేళ్ళు, మోకాళ్ళు అరిగిపోయాయి. చెల్లెలు ఏలూరులో ఉంది, తమ్ముడు డల్లాస్‌లో ఉన్నాడు. ఈ పనిని నైపుణ్యం అక్కరలేని పనుల్లో చేర్చి జీతం కట్టేవాళ్ళు ఒక్క రాత్రి చేసి చూస్తే బాగుండును.

ఏజెన్సీ మాకు రాసిచ్చిన కాగితంలో నెలకు 28 వేలు. అందులో మనిషికి ముట్టేది 18 వేలనీ, పదివేలు ఏజెన్సీ ఉంచుకుంటుందనీ కాగితంలో లేదు, వచ్చినావిడ చెబితే తెలిసింది. 18 వేలను ముప్పై రోజులకూ, రోజుకు 24 గంటలకూ పంచి చూడండి. గంటకు 25 రూపాయలు. తిండీ పడకా మనవే గదా అనేవాళ్ళున్నారు. ఆ పడక ఎక్కడ వేస్తారు? రోగి మంచం పక్కన, నేలమీద, పిలిస్తే వినబడేటంత దూరంలో. దాన్ని ఆమెకిచ్చిన వసతి కింద లెక్కపెట్టాలో, ఆమె పనిచేసే చోటు కింద లెక్కపెట్టాలో చెప్పమనండి.

సంతకం పెట్టించుకోబోతూ ఏజెన్సీ కుర్రాడు, "కులం పట్టింపు ఏమైనా ఉందాండీ?" అని అడిగాడు. లేదన్నాను. "అడిగి రాసుకోవాలండి, చాలామంది చెబుతారు" అన్నాడు. తర్వాత విచారిస్తే తెలిసిన చిత్రం ఏమిటంటే, మలమూత్రాలు ఎత్తే చెయ్యి ఏ కులందైనా ఎవరికీ అభ్యంతరం లేదు. వంటింటి గడప దగ్గర అభ్యంతరం మొదలవుతుంది. మా వీధిలోనే ఒక ఇంట్లో కేర్‌టేకర్‌కు గ్లాసూ కంచమూ వేరు. రోజుకు మూడుపూటలు రోగి నోటికి అన్నం అందించే మనిషి ఆ అన్నం వండిన గదిలోకి పోకూడదు. ఏ శాస్త్రం ప్రకారమో ఆ ఇంటివాళ్ళే చెప్పాలి.

మా ఇంటికి వచ్చినావిడ పాలకొండ వైపు మనిషి. పేరు రాయవద్దంది, రాయటం లేదు. ఏడో తరగతి దాకా చదివింది. పిల్లలిద్దరూ ఊళ్ళో అత్తగారి దగ్గర ఉన్నారు. ఆ అత్తగారికి చూపు ఆనదు. అంచేత పదమూడేళ్ళ కూతురే అటు తమ్ముణ్ణీ ఇటు నాయనమ్మనూ చూసుకుంటుంది. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 2000లో ఇటువంటి వరసకు "సంరక్షణ గొలుసు" అని పేరు పెట్టింది. ధనిక దేశపు ఇంట్లో పిల్లల్ని పేదదేశపు ఆడది చూస్తుంది, ఆమె పిల్లల్ని అంతకంటే పేద ఆడది చూస్తుంది, ఆ పేదామె పిల్లల్ని వాళ్ళలో పెద్దది చూస్తుంది. ఆ గొలుసుకు సముద్రాలు దాటాల్సిన అవసరమేమీ లేదు. పాలకొండ నుంచి విజయవాడ దాకా ఉన్నా చాలు. చివరి కొసన జీతం లేని ఆడపిల్ల ఉండటం మాత్రం ఎక్కడైనా ఒకటే.

డాక్టరు రాయమన్న నోటుబుక్కును ఆవిడే రాసేది. అక్షరాలు గుండ్రంగా, పెద్దవిగా ఉంటాయి. ఎక్కువగా కనిపించే మాట "తిప్పేను". 2024 జనవరిలో ఒక రాత్రి ఇలా ఉంది: 10కి పడుకున్నారు. 11-40 తిప్పేను. 1-15 తడిసింది, మార్చేను. 1-50 దగ్గు, కూచోబెట్టేను. 3-30 తిప్పేను. 4-45 నీళ్ళు అడిగేరు. 5-30 లేచేరు. డాక్టరు ఈ పుస్తకాన్ని రోగి స్థితి తెలుసుకోటానికి చదివాడు. పారిశ్రామిక చరిత్ర చెప్పిన అలవాటు కొద్దీ నాకు అది మరోరకంగా కనిపించింది. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు రాసుకునే హాజరు పుస్తకంలాగా. ఆ రాత్రి ఆవిడ ఏకబిగిన నిద్రపోయిన అత్యధిక కాలం గంటా నలభై నిమిషాలు. జనవరి నెల 31 రాత్రులూ లెక్కవేశాను. ఐదు గంటలు తెగకుండా నిద్రపట్టిన రాత్రులు రెండు. ఐదు గంటలే ఎందుకు లెక్కకు తీసుకున్నానో కాస్త తర్వాత చెబుతాను.

ఏజెన్సీకి ఫోను చేసి, ఈ మనిషి నిద్రలేకుండా పనిచేస్తోంది, ఏం ఏర్పాటు చేస్తారని అడిగితే, "రాత్రి పడుకుంటుంది కదా మేడమ్, ఇరవైనాలుగు గంటల డ్యూటీ అంటే అలాగే ఉంటుంది" అన్నారు. తమ్ముడితో చెప్పాను. వాడు చెడ్డవాడేం కాదు, అమ్మ ఖర్చులో సగం నెలనెలా పంపుతాడు. "అక్కా, ఆమెను మన ఇంట్లో మనిషిలాగే చూసుకుంటున్నాం గదా! మనం తినేదే పెడుతున్నాం, పండక్కి చీర కొన్నాం. ఇంకా గంటలు లెక్కపెడుతూ కూచుంటే అది ఇల్లనిపించుకుంటుందా, ఫ్యాక్టరీ అనిపించుకుంటుందా?" అన్నాడు.

ఇంట్లో మనిషి! ఈ మాటను కొంచెం పరీక్షించటం అవసరం. ఇంట్లో మనిషికి ఇంటిమీద హక్కు ఉంటుంది. ఒంట్లో బాగాలేకపోతే ఇవాళ నావల్ల కాదని చెప్పి తలుపేసుకుని పడుకునే చనువు ఉంటుంది. అన్నతో తగువు పడితే మర్నాడు అన్నం పెట్టకుండా ఉండరు. మా ఇంటికొచ్చినావిడకు వీటిలో ఏదీ లేదు. ఇంట్లో మనిషికుండే గుణాల్లో ఒక్కటే ఆమెకు అంటగట్టాం, చేసిన పనికి లెక్క అడగకపోవటం. నిజానికి మనం పోల్చేది కొడుకులతో కాదు, కోడళ్ళతో. ఇదే పని కోడలు చేస్తే ధర్మం అన్నాం, కూతురు చేస్తే ప్రేమ అన్నాం. రెండింటికీ జీతం లేదు. ఇప్పుడు జీతం పుచ్చుకునే మనిషి వచ్చేసరికి, ఆ జీతంలో నుంచి రాత్రులు తీసివెయ్యటానికి ఆ పాత పేర్లనే తెచ్చి వాడుతున్నాం. నేను కూతుర్ని. అమ్మకు పక్క మార్చిన రాత్రులు నాకూ ఉన్నాయి. ప్రేమ ఉన్నంతమాత్రాన మర్నాడు నడుంనొప్పి తక్కువగా ఉండదు.

ఈ తగువు మా ఇంట్లోనే పుట్టిందనుకోనక్కరలేదు. దేశదేశాల న్యాయస్థానాలు దీన్ని గురించి తలలు పట్టుకున్నాయి. జర్మనీలో ముసలివాళ్ళను చూడటానికి పోలండ్, రుమేనియా, బల్గేరియాల నుంచి ఆడవాళ్ళు వచ్చి ఇళ్ళల్లో ఉంటారు. బెర్లిన్‌లో తొంభైయేళ్ళు దాటిన ఒక వృద్ధురాలిని చూసుకున్న బల్గేరియా స్త్రీకి ఒప్పందంలో రాసింది వారానికి 30 గంటలు. తీరా చూస్తే ఆవిడ రాత్రింబవళ్ళు ఆ ఇంట్లోనే ఉండాలి, రాత్రి గది తలుపు తెరిచి ఉంచి పిలుపు కోసం చెవి ఒగ్గి ఉండాలి. ఆవిడ దావా వేసింది. 2021 జూన్ 24న జర్మనీ అత్యున్నత కార్మిక న్యాయస్థానం, పిలిస్తే లేవటానికి సిద్ధంగా ఉండే కాలం కూడా పనికాలమేనని, దానికీ కనీస వేతనం ఇవ్వాలని చెప్పింది. మరుసటేడు కింది కోర్టు ఆవిడకు 38 వేల యూరోలకు పైగా ఇప్పించింది. ఆ తీర్పుతో జర్మనీలో ఇళ్ళన్నీ మారిపోయాయని చెప్పను. కాని వేచి ఉండటం కూడా శ్రమే అనే మాట ఒక పెద్ద కోర్టు నోటి నుంచి వచ్చింది.

న్యూయార్క్ రాష్ట్రంలో ఇంకొక లెక్క ఉంది. ఇరవైనాలుగు గంటలు రోగి ఇంట్లో ఉన్న మనిషికి పదమూడు గంటలకు జీతమిస్తే సరిపోతుంది. మిగతా పదకొండులో ఎనిమిది నిద్రకు, మూడు భోజనాలకు పోయినట్టు లెక్క. ఆ ఎనిమిదిలో ఐదు గంటలు తెగకుండా నిద్రపట్టి ఉండాలని షరతు. 2019 మార్చిలో ఆ రాష్ట్రపు పెద్ద న్యాయస్థానం ఈ పదమూడు గంటల పద్ధతి చెల్లుతుందని చెప్పింది. నేను నోటుబుక్కులో ఐదు గంటల రాత్రుల్ని లెక్కపెట్టింది ఇందుకే. పెట్టుబడిదారీ దేశపు చట్టం తన సౌకర్యం కోసం గీసుకున్న గీత ప్రకారం చూసినా, మా ఇంట్లో ఆ జనవరిలో 29 రాత్రులు పూర్తి పనిరాత్రులు. మరి న్యూయార్క్‌లో ఆ షరతు ఎలా రుజువుచేస్తారు? నిద్ర తెగిందని పనిమనిషే చూపించుకోవాలి. తనకు మతి లేదన్న రోగి, తన మాట నమ్మని ఏజెన్సీ, వీళ్ళిద్దరి మధ్య అర్ధరాత్రి పూట సాక్షి ఎవరు? చైనా నుంచి వచ్చి ఈ పనిలో ముసలివాళ్ళయిపోయిన ఆడవాళ్ళు 2024 మార్చిలో న్యూయార్క్ నగర సభాభవనం ముందు, ఇరవైనాలుగు గంటల డ్యూటీ రద్దుచేయమని నిరాహారదీక్ష చేశారు. మన తెలుగువాళ్ళ సంఘాలు ఆ దేశంలో ఎన్నో ఉన్నాయి. ఈ వార్త వాళ్ళకు వార్తగా తోచలేదు కాబోలు.

అమెరికా చట్టం ఈ మనుషుల్ని ఏ మాటతో తప్పించిందో చూడండి. 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టాన్ని 1974లో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు కూడా వర్తింపజేశారు. అదే చేత్తో, ముసలివాళ్ళకూ రోగులకూ "తోడు" ఉండేవాళ్ళను మినహాయించారు. తోడుకు ఓవర్‌టైమేమిటని వాళ్ళ తర్కం. జమైకా నుంచి వచ్చి ఇరవైయేళ్ళు ఈ పని చేసిన ఎవెలిన్ కోక్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2007లో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. 2009లో ఆమె చనిపోయింది. 2013లో అమెరికా కార్మికశాఖ నిబంధన మార్చింది, 2015 నుంచి అమల్లోకి తెచ్చింది. 2025 జూలైలో అదే శాఖ ఆ మార్పును వెనక్కి తీసుకుంటామని ప్రతిపాదన పెట్టింది. తోడు అనే మాట మెత్తగానే ఉంటుంది. దాని వెల మాత్రం ఎవరో ఒకరు కడతారు.

ఇజ్రాయెల్ సంగతి మనకు ఇంకా దగ్గరిది, అక్కడ మనవాళ్ళే ఉన్నారు గనక. ఇంట్లో సహాయం కావలసిన వృద్ధులకు సామాజిక బీమా నుంచి సాయం 1988లో మొదలైంది. ఆ ఇళ్ళల్లో ఉండి పనిచెయ్యటానికి ఫిలిప్పీన్స్ నుంచి, నేపాల్ నుంచి, భారతదేశం నుంచి మనుషుల్ని రప్పించారు. కేరళవాళ్ళు ఎక్కువ. తెలంగాణ నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 2021 మే నెలలో అష్కెలాన్ పట్నంలో రాకెట్ పడి చనిపోయిన కేరళ స్త్రీ అలా ఒక ముసలామెను చూసుకుంటున్న మనిషే. ఆ దేశంలో పనిగంటల, విశ్రాంతి చట్టం 1951 నుంచి ఉంది. ఆ చట్టం తనకూ వర్తించాలని యోలాండా గ్లోటెన్ అనే ఫిలిప్పీన్స్ స్త్రీ కోర్టుకెక్కింది. 2009లో కాదన్నారు. తిరగదోడితే 2013లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో ఐదుగురు మళ్ళీ కాదన్నారు, నలుగురు ఔనన్నారు. ఒక్క ఓటు తేడా. ఇంట్లోనే ఉండేదానికి పని ఎప్పుడు, విశ్రాంతి ఎప్పుడు అని విడదీయటం ఎలా సాధ్యం, ఇదీ ఐదుగురి చిక్కు. విడదీయటం కష్టమైతే మొత్తం పనికిందే జమకట్టవచ్చు గదా! ఆ కష్టం ఎప్పుడూ పనిచేసేవాళ్ళ ఖాతాలోనే ఎందుకు పడాలి?

"కాపిటల్" చదివిన విద్యార్థులకు పనిదినం అధ్యాయంలో మేరీ ఆన్ వాక్లీ గుర్తుండే ఉంటుంది. 1863లో లండన్‌లో, దొరసానుల గౌన్లు కుట్టే దుకాణంలో, ఇరవైయారున్నర గంటలు ఏకధాటిగా పనిచేసి చనిపోయిన ఇరవైయేళ్ళ పిల్ల. ఆ కథ చెప్పేటప్పుడు మనం గంటల సంఖ్య చెప్పి ఊరుకుంటాం. ఆ పిల్లలు పడుకునేది కూడా ఆ దుకాణపు యజమానురాలి ఇంట్లోనే, గాలాడని అరల్లో, ఒక్కో పక్కమీద ఇద్దరేసి. పనిచోటూ పడకచోటూ ఒకటైతే పనిదినానికి గోడలుండవని ఆనాడే తెలిసింది. ఫ్యాక్టరీలో కనీసం గేటు ఉంది, కూత ఉంది.

మన గడ్డమీద దీనికి పూర్వరూపాలు లేకపోలేదు. మా తాతగారింట్లో పాలేరు ఉండేవాడు. ఏడాదికింత ధాన్యమని ఒప్పందం. పగలు అరకకట్టేవాడు, రాత్రి పశువులపాకలో పడుకునేవాడు. అర్ధరాత్రి ఆవు ఈనితే లేచేది వాడే, దొంగలొస్తే లేచేదీ వాడే. వాడి రాత్రిని ఎవరూ కొనలేదు, పగటితోపాటు ఉచితంగా వచ్చింది. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖుల గడీల్లో పెళ్ళికూతురి వెంట ఆడబాపల్ని పంపేవాళ్ళు. వాళ్ళ రాత్రుల గతి చెప్పనవసరం లేదు. 1946 నుంచి తెలంగాణ రైతాంగం వెట్టిమీద తిరగబడ్డప్పుడు తెంచింది ముఖ్యంగా ఈ ముడినే, మనిషి కాలమంతా దొరది అనే ముడిని. ఇవాళ్టి కేర్‌టేకర్ వెట్టిమనిషి అని నేననను. నెల జీతం ఉంది, ఫోను ఉంది, కావాలంటే మానేసి వెళ్ళవచ్చు (వెళ్తే ఏమవుతుందో కింద చెబుతాను). కాని ఆమె రాత్రి గురించి ఎవరూ బేరమాడలేదన్న ఒక్క విషయంలో పాలేరుకు ఆమె వారసురాలే.

మన సాహిత్యం కూడా ఈ విషయంలో పెద్దగా సాయపడలేదు. నమ్మిన బంటు కథలు మనకు కొల్లలు. యజమాని మంచం పక్కన తెల్లవార్లూ కూచుని కళ్ళు వాచిపోయిన దాసీల మీద మనకు ఎంతో జాలి. ఆ కథల్లో రోగి కోలుకుంటాడు, దాసికి కన్నీళ్ళతో కృతజ్ఞత దొరుకుతుంది, మర్నాడు ఆమె ఎంతసేపు పడుకుందో రచయిత రాయడు. అభ్యుదయ రచయితలం మనం మిల్లు కూలీ గురించి రాశాం, చేనేత గురించి రాశాం, రైతుకూలీ గురించి రాశాం. మన తల్లిదండ్రుల మంచాల పక్కన నేలమీద పడుకున్న మనిషి గురించి రాయటానికి ఇబ్బందిపడతాం. అక్కడ యజమాని పాత్ర రాయాలంటే అద్దంలో చూసి రాయాలి గదా.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది తోసిపారేయదగ్గది కాదు. పన్నెండేసి గంటలకు ఒకరు చొప్పున ఇద్దరిని పెట్టుకోవాలంటే ఏజెన్సీ లెక్కన నెలకు 50 వేలు దాటుతుంది. మా నాన్న రైల్వే ఉద్యోగి గనక అమ్మకు ఫామిలీ పెన్షను వస్తుంది, నాకు నా పెన్షను ఉంది, తమ్ముడు డాలర్లు పంపుతాడు. ఇవేవీ లేని గుమాస్తా ఇంట్లో తండ్రికి పక్షవాతం వస్తే ఆ గుమాస్తా దోపిడీదారుడా? కాదు. అతను ఇంకొకరి నిద్ర తక్కువ ధరకు కొనకపోతే తన ఉద్యోగం పోతుంది, లేదా భార్య ఉద్యోగం పోతుంది (సాధారణంగా భార్యదే పోతుంది). గంటకు 25 రూపాయల మనిషీ, జీతం చాలని గుమాస్తా ఒకరినొకరు పీక్కుతినేటట్టు చేసి, వాళ్ళిద్దరి మధ్యా పదివేలు తీసుకునేవాడు ఒకడు నిలబడ్డాడు. చెయ్యవలసిన మూడోవాడు, అంటే ప్రభుత్వం, కనబడడు. జపాన్ 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాల సంరక్షణ బీమా తెచ్చింది. జర్మనీ 1995లోనే తెచ్చింది, అది చాలకనే బల్గేరియా స్త్రీ అవసరమైంది. బీమా ఉన్నంతమాత్రాన అన్నీ తీరవు, కాని ముసలితనపు ఖర్చు సమాజానిదని అక్కడ ఒప్పుకున్నట్టయింది.

మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో అంటుకుపోయిన పేదలకు నెలకు 15 వేల రూపాయల పెన్షను ఇస్తున్నారు. ఇది చిన్న విషయం కాదు, దీన్ని ఎద్దేవా చెయ్యటం తెలివితక్కువ. పాలకొండ వైపు పల్లెల్లో అంత డబ్బు నెలనెలా ఇంటికి రావటం ఎంత పెద్ద సంగతో మా ఇంటావిడే చెప్పింది. అయితే ఆ డబ్బు రోగి పేర వస్తుంది. రోగిని తిప్పే భార్య, కోడలు, పదమూడేళ్ళ కూతురు ఆ కాగితంలో ఎక్కడా లేరు. వాళ్ళకు వారానికొక రాత్రి నిద్ర దొరికేటట్టు గ్రామానికొక మనిషిని జీతమిచ్చి పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఆశా కార్యకర్తలకు గౌరవవేతనమంటూ ఎంత ఇస్తున్నారో తెలిసినవాళ్ళకు, అలా పెట్టినా ఏం ఇస్తారోనన్న భయం ఉండటం సహజమే.

పనిగంటల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒడంబడిక 1919 నాటిది, ఫ్యాక్టరీల గురించి. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ గురించి 189వ ఒడంబడిక రావటానికి 2011 అయింది. తొంభైరెండేళ్ళు! అందులో పదో అధికరణం, పిలుపు కోసం ఇంటివాళ్ళకు అందుబాటులో ఉండే కాలాన్ని కూడా, జాతీయ చట్టాలు నిర్ణయించిన మేరకు, పనిగంటలుగా చూడాలంటుంది. జెనీవాలో భారతదేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది. ఇంతవరకు ఇక్కడ ఆమోదించలేదు. 2025 జనవరిలో మన సుప్రీంకోర్టు, ఇంటిపనివాళ్ళకోసం చట్టం తెచ్చే విషయం పరిశీలించటానికి సంఘం వెయ్యమని కేంద్రానికి చెప్పింది.

మా ఇంట్లో ఏం చేశామంటే, ఫిబ్రవరి నుంచి వారానికి నాలుగు రాత్రులు మరొకావిడను పెట్టుకున్నాం, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా. రెండు రాత్రులు చెల్లెలూ నేనూ పంచుకున్నాం. మిగిలిన ఒక్క రాత్రి పాలకొండావిడ చేస్తే దానికి వేరే జీతం, ఆదివారం సెలవు. మొదటి వారం నిద్రపోయే రాత్రి కూడా ఆవిడ రెండేసి గంటలకు ఉలిక్కిపడి లేచేది. వేరే గదిలో పడుకోబెట్టినా అంతే. ఆ అలవాటు పోవటానికి నెల పట్టింది.

ఈ సంగతి ఏజెన్సీకి తెలిసింది. ఒప్పందంలో, మనిషికి నేరుగా డబ్బివ్వకూడదని ఒక నిబంధన ఉందట. "మీరిలా చేస్తే మిగతా ఇళ్ళల్లో వాళ్ళూ అడుగుతారు మేడమ్" అని ఫోనులో ఎంతో బాధపడ్డారు. వాళ్ళ బాధ నాకర్థమయింది. ఆవిడను గుంటూరులో మరో ఇంటికి మారుస్తామన్నారు. ఆవిడ వెళ్ళనంది. వెళ్ళనందుకు, చేరినప్పుడు పట్టి ఉంచుకున్న నెల జీతం 18 వేలు వాళ్ళదగ్గరే ఉండిపోయింది. దాన్ని రాబట్టటానికి ఒక కార్యాలయానికి తీసుకువెళ్ళాను. ఏ దుకాణంలో పనిచేస్తుందని అడిగారు. ఇంట్లో అన్నాను. ఇల్లు తమ పరిధిలోకి రాదన్నారు. అర్జీ మాత్రం తీసుకుని ముద్ర వేసిచ్చారు. నోటుబుక్కులో రాత్రుల పేజీలు నకలు తీయించి దానికి జతచేశాం. ఆవిడ ఇప్పుడు ఏజెన్సీ లేకుండా మా ఇంట్లోనే పనిచేస్తోంది.

ఈమధ్య మా రిటైరైన అధ్యాపకుల సంఘం సమావేశంలో ఒక ముసాయిదా ఒప్పందం పెట్టాను. వచ్చిన ముప్పైనలుగురిలో పదకొండుగురి ఇళ్ళల్లో ఇరవైనాలుగు గంటల మనుషులున్నారు. మే డే సభలకు తప్పకుండా వచ్చేవాళ్ళే వీళ్ళంతా. వారానికి ఒకరోజు సెలవు, రాత్రి లేచిన ప్రతిసారీ నోటుబుక్కులో రాయటం, ఐదు గంటల నిద్ర తెగిన రాత్రికి పూర్తి జీతం, రోగి గదిలో కాక వేరేచోట పడక, వంటింట్లోకి రానివ్వటం, కులం అడగకపోవటం. ఒక్కొక్కటే చదివాను. సెలవుకు అందరూ ఒప్పుకున్నారు. నోటుబుక్కు దగ్గర, ఆమె రాసిందే నిజమని ఎలా నమ్ముతామని ఒకరు అడిగారు. హాజరుపట్టీలో మనం సంతకం పెడితే ప్రభుత్వం ఎలా నమ్మిందని ఇంకొకరు అన్నారు. రాత్రి జీతం దగ్గర గంటసేపు వాదన జరిగింది. వంటిల్లు, కులం ఉన్న వాక్యాలకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ఆ రెండూ ఒప్పందంలో రాయటం మాత్రం అనవసరమని నలుగురన్నారు. రాయాలని నేనన్నాను. పొద్దుపోయింది గనక చర్చ వచ్చే నెలకు వాయిదా వేశారు.